మర మూత వాచీని జిగట రబ్బరు బంతితో తెరవవచ్చునా?

చంద్రగిరి కోటవీధి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1986లో కువైట్ నుంచి మొదటిసారి సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు చేతికి పెట్టుకుని వచ్చిన సీకో 5 వాచీ ఇప్పుడు నా దగ్గర ఉంది. కీ ఇవ్వనవసరం లేని ఆటోమేటిక్ వాచీ అది. వెనక మూత మీద 7009తో మొదలయ్యే నంబరు ఉంది. మొన్నటి వానల్లో తడిసిన తర్వాత, పొద్దున పూట అద్దం లోపలి వైపు పన్నెండు గంటల గుర్తు దగ్గర సన్నటి ఆవిరి పొర కనిపిస్తోంది. ఎండ తగిలితే పోతుంది, రాత్రి చల్లబడితే మళ్లీ వస్తుంది.

రెండేళ్ల కిందట ఒక దుకాణంలో దీన్ని సర్వీసుకు ఇచ్చాను. అక్కడ మూడు కాళ్ల ఓపెనర్ జారి, మూత మీద అడ్డంగా లోతైన గీత పడింది. ఆ గీత కింద పడి సీరియల్ నంబరులో రెండో అంకె చదవడానికి వీల్లేకుండా పోయింది. అంత చేసినా మూత మాత్రం తెరుచుకోలేదు. నాన్నగారు ఏమీ అనలేదు గానీ, వాచీని తిప్పి ఆ గీత మీద బొటనవేలితో రెండుసార్లు రుద్ది నా చేతికి ఇచ్చేశారు. అప్పటి నుంచి దీన్ని ఎవరికీ ఇవ్వడానికి నాకు మనసు రావడం లేదు.

జిగట రబ్బరు బంతిని మూత మీద నొక్కి తిప్పితే గీత పడకుండా తెరుచుకుంటుందని విన్నాను. ఏళ్ల తరబడి బిగుసుకున్న స్టీలు మూతను అంత మెత్తటి వస్తువు కదిలించగలదా? చేసి చూసినవారు చెప్పగలరు.

గాంధీరోడ్డు గడియారాల బల్ల:

కోటవీధి గారూ, ముందుగా ఒక మాట. లోపల ఆవిరి కనిపిస్తున్న వాచీని వారాల తరబడి అలాగే ఉంచకండి. తడి మొదట పట్టేది మిషన్‌లోని సన్నటి స్టీలు భాగాలనే. కీ నుంచి లోపలికి వెళ్లే కీ పుల్లకు, దాని పక్కనున్న చిన్న స్ప్రింగులకు తుప్పు పట్టాక మూత తెరిచినా చేయగలిగింది తక్కువ.

ఇక బంతి సంగతి. తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా వాచీ రిపేరు బల్ల దగ్గర కూర్చుంటున్నాను. మర మూత వాచీ, అంటే వెనక మూత తిప్పితే విప్పుకునే వాచీ, ఏది వచ్చినా నేను ముందు తీసేది బంతినే. దానికి మూత రాకపోతే వాచీ ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది, అప్పుడు వేరే దారి ఆలోచించవచ్చు. మూడు కాళ్ల ఓపెనర్‌తో రాకపోతే మాత్రం మీ వాచీకి జరిగిందే జరుగుతుంది. ఆ ఓపెనర్ కాళ్లు మూత అంచున ఉన్న గాట్లలో కొంచెం లోతు వరకే దిగుతాయి. చేయి ఒక్క వెంట్రుకవాసి పక్కకు వాలినా కాలు గాటులోంచి లేచి మూత మీదుగా గీసుకుంటూ పోతుంది.

చేసే పద్ధతి చెబుతాను. బెల్టు గానీ చైను గానీ ముందు తీసేయండి, లేకపోతే వాచీ బల్ల మీద చదునుగా కూర్చోదు. నాలుగు మడతలు పెట్టిన మెత్తటి గుడ్డ మీద అద్దం కిందికి వచ్చేలా పెట్టండి. మూత అంచున పేరుకున్న చెమట మట్టిని అగ్గిపుల్ల మొనతో తీసి, స్పిరిట్ అద్దిన దూదితో మూతంతా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మీ చేతి నూనె కూడా మూతకు తగలకూడదు. ఎడమ చేతి వేళ్లతో వాచీని రెండు పక్కలా గట్టిగా పట్టుకుని, కుడి అరచేతితో బంతిని మూత నడిమధ్యన పెట్టి, మీ ఒంటి బరువు బంతి మీద పడేలా నిటారుగా నొక్కండి. బంతి అణిగి మూతంతా పరుచుకున్నాక, ఆ నొక్కుడు సడలనివ్వకుండా, మూత మీకు ఎదురుగా ఉండగా ఎడమ వైపుకు తిప్పండి. చాలామంది తిప్పడం మీదే దృష్టి పెట్టి నొక్కడం తగ్గిస్తారు, అందుకే బంతి జారుతుంది.

ఎస్వీయూ హాస్టల్ కుర్రాడు:

నాది చిన్న అనుభవం. గోవిందరాజస్వామి గుడి వీధిలో బొమ్మల అంగళ్లలో పిల్లలు ఆడుకునే మామూలు రబ్బరు బంతి కొని ప్రయత్నించాను. మొదటి రోజు జర్రున జారిపోయింది. అదే బంతిని సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టి మరునాడు ప్రయత్నిస్తే నా మర మూత వాచీ రెండో తిప్పుకే వదులైంది. అంటే ప్రత్యేకంగా అమ్మే జిగట బంతే కావాలా, శుభ్రమైన రబ్బరు ఏదైనా చాలునా? ఇంకొక సందేహం. హెయిర్ డ్రయర్‌తో వెనక మూతను వేడి చేస్తే లోహం వ్యాకోచించి మర వదులవుతుందని స్నేహితుడు అంటున్నాడు. అది నిజమేనా?

భౌతికశాస్త్రం మాష్టారు, చిత్తూరు:

రెండు ప్రశ్నలూ మంచివే. ముందు బంతి ఎందుకు పని చేస్తుందో లెక్క వేసి చూద్దాం. మూతను తిప్పేది ఘర్షణ బలం. అది మధ్య బిందువుకు ఎంత దూరంలో పని చేస్తే తిప్పే శక్తి, అంటే టార్కు, అంత పెరుగుతుంది. మూత వ్యాసార్ధం 15 మిల్లీమీటర్లు అనుకోండి. 10 కిలోల బరువుతో నొక్కితే సుమారు 100 న్యూటన్ల బలం. శుభ్రమైన పొడి రబ్బరుకూ స్టీలుకూ మధ్య ఘర్షణ గుణకాన్ని 1గా తీసుకుందాం. ఒత్తిడి మూతంతటా సమానంగా పరుచుకుంటే టార్కు, మూడింట రెండు వంతులు × 1 × 100 × 0.015, అంటే 1 న్యూటన్ మీటరు అవుతుంది. అదే నొక్కుడుతో, గట్టి బంతి కావడం వల్ల మధ్యలో 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం మేరకే తాకితే, టార్కు మూడో వంతుకు పడిపోతుంది. బంతి మెత్తగా ఉండవలసిన అవసరం ఇదే. జిగట వల్ల ఘర్షణ గుణకం పెరుగుతుంది, మెత్తదనం వల్ల పట్టు మూత అంచు దాకా పాకుతుంది. హాస్టల్ కుర్రాడి బంతికి జిగట లేకపోయినా మెత్తదనం ఉంది, సబ్బుతో కడిగాక దుమ్మూ నూనే పోయాయి, అందుకే పని చేసింది. 10 కిలోలు ఎంత నొక్కుడో చేతికి తెలియాలంటే ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద బంతిని పెట్టి ఒకసారి నొక్కి చూడండి. మనం అనుకునేదానికన్నా ఎక్కువే నొక్కవలసి వస్తుంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. బంతి మరీ పెద్దదైతే, లేదా మరీ మెత్తనైతే, మూత దాటి చుట్టూ ఉన్న కేసు మీదికి కూడా పొంగుతుంది. అప్పుడు తిప్పే ప్రయత్నంలో కొంత మూతకు కాక కేసుకే పోతుంది, వాచీ మొత్తం మీ ఎడమ చేతిలో తిరగాలని చూస్తుంది.

వేడి విషయంలో మీ స్నేహితుడు చెప్పిన కారణం సరైనది కాదు. కేసు, మూత రెండూ ఒకే రకం స్టెయిన్‌లెస్ స్టీలైతే, రెండూ ఒకే వేడిలో ఒకే నిష్పత్తిలో వ్యాకోచిస్తాయి. వాటి మధ్య సందు పెద్దగా మారదు.

గాంధీరోడ్డు గడియారాల బల్ల:

మాష్టారు గారూ, లెక్క మీరు చెప్పినట్లే ఉండవచ్చు గానీ వేడి చేసిన తర్వాత కదిలిన మూతలను నేను చాలా చూశాను. రాని మూతను గోరువెచ్చగా చేసి మళ్లీ బంతి పెడితే వచ్చిన సందర్భాలు నా చేతిలోనే ఉన్నాయి.

భౌతికశాస్త్రం మాష్టారు, చిత్తూరు:

మీరు చూసింది అబద్ధం అనడం లేదండీ. కారణం వేరే చోట ఉందని నా అభిప్రాయం. మూత కింద ఉండే రబ్బరు గ్యాస్కెట్ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, రెండు లోహాలకూ అంటుకుపోతుంది. మర చుట్ల మధ్య చెమట ఉప్పు, మట్టి, పాత గ్రీజు కలిసి జిగురులా గడ్డకడతాయి. వెచ్చదనానికి మెత్తబడేవి ఇవి. కాబట్టి వేడి చేయండి, కానీ చేతితో పట్టుకుని ఓర్చుకోగలిగినంత వరకే. అంతకు మించిన వేడికి మిషన్‌లోని నూనె, సెల్లు వాచీ అయితే సెల్లు పాడవుతాయి.

గాంధీరోడ్డు గడియారాల బల్ల:

ఒప్పుకుంటున్నాను. అలా వచ్చిన మూతల కింద గ్యాస్కెట్ ఎప్పుడూ నల్లటి తారులా సాగుతూనో, పెళుసై ముక్కలవుతూనో ఉండేది. మీరు చెప్పాక ఇప్పుడు రెండూ కలిపి చూస్తున్నాను.

శ్రీకాళహస్తి గృహిణి:

మా వారి సెల్లు వాచీ ఆగిపోయింది. ఈ చర్చ చదివి నిన్న సాయంత్రం బంతితో ప్రయత్నించాను. మూత కొంచెం తిరిగినట్టే అనిపించింది గానీ పైకి రావడం లేదు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. ఏమైనా పాడు చేశానేమోనని భయంగా ఉంది.

తిరుచానూరు వేలంపాట:

అమ్మా, కంగారు పడకండి, కానీ ఇక తిప్పవద్దు. మీది మర మూత కాకపోవచ్చు. నేను తిరుమల శ్రీవారి హుండీలో భక్తులు సమర్పించిన వాచీలను దేవస్థానం వారు ఈ-వేలంలో పెట్టినప్పుడు లాట్లుగా కొంటూ ఉంటాను. ఒక్కో లాటులో టైటాన్, సొనాటా, టైమెక్స్, క్యాసియో, హెచ్ఎంటీ, అన్నీ కలిసి వస్తాయి. వాటిని ముందుగా మూతను బట్టి వేరు చేసుకోవడం నాకు అలవాటైంది. మూత అంచు చుట్టూ సమాన దూరంలో గాట్లు ఉంటే, లేదా అంచంతా పళ్లు పళ్లుగా ఉంటే, అది మర మూత, బంతి దానికే. గాట్లు లేకుండా నున్నగా ఉండి, అంచున ఒక్క చోట మాత్రం గోరు దూరేంత సందు గానీ చిన్న పెదవి గానీ కనిపిస్తే అది నొక్కుడు మూత. దాన్ని ఆ సందులో పలుచటి మొద్దు కత్తి పెట్టి పైకి లేపాలి, బంతితో తిప్పితే ఏ ప్రయోజనమూ లేదు. క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటి వాటికి నాలుగు మూలలా నాలుగు చిన్న స్క్రూలు ఉంటాయి, వాటికి బంతి అవసరమే రాదు. నా లాట్లలో సగానికి పైగా నొక్కుడు మూతలే వస్తాయి. కాబట్టి ఇంట్లో ఉన్న ప్రతి వాచీకీ ఈ బంతి మందు అని ఎవరూ అనుకోకూడదు.

గాంధీరోడ్డు గడియారాల బల్ల:

సరిగ్గా చెప్పారు. అమ్మా, మీరు ఒక్కటి చూడండి. చాలా నొక్కుడు మూతలకు లోపలి అంచున కీ పుల్ల కోసం చిన్న గండి ఉంటుంది. ఆ గండి కీకి ఎదురుగా ఉండాలి. మీరు తిప్పినప్పుడు అది పక్కకు జరిగి ఉంటే, అలాగే నొక్కితే మూత అంచు కీ పుల్ల గొట్టం మీద పడుతుంది. కాబట్టి దాన్ని ఇంట్లో మళ్లీ నొక్కకుండా వాచీ రిపేరు చేసేవారి దగ్గరికి తీసుకెళ్లి, తిప్పాను అని చెప్పి ఇవ్వండి. సెల్లు మార్చేటప్పుడు పాత సెల్లు మీద నంబరు చూసి అదే వేయించుకోండి. ఉదాహరణకు ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యూ అని ఉంటే అది 6.8 మిల్లీమీటర్ల వ్యాసం, 2.6 మిల్లీమీటర్ల మందం ఉన్న సెల్లు. దాని బదులు దగ్గరగా ఉందని వేరేది వేస్తే మూత సరిగా కూర్చోదు.

పాతవాచీల పలమనేరు:

బంతికి లొంగని మర మూత ఒకటి ఉంది, దాని గురించి చెప్పాలి. సోవియట్ కాలంలో 1967లో వచ్చిన వోస్తోక్ అంఫీబియా వాచీకి వెనక మూత ఒకే ముక్క కాదు. కింద ఒక పళ్లెం లాంటి మూత ఉంటుంది, అది తిరగకుండా కేసులో ఇరుక్కుని కూర్చుంటుంది. దాని మీద మర ఉన్న వెడల్పాటి రింగు వేరుగా బిగుస్తుంది. బంతిని నడిమధ్యన నొక్కితే పట్టంతా ఆ తిరగని పళ్లెం మీదే పడుతుంది. నేను మూడు రోజులు అలా పెనుగులాడాక గానీ తిప్పవలసింది రింగునని అర్థం కాలేదు. ఆ వాచీకి గాట్లలో సరిగ్గా కూర్చునే ఓపెనర్ వాడటమే మేలు.

కోటవీధి గారి సీకోకు ఆ బాధ లేదు, దాని మూత ఒకే ముక్క. మీ సీరియల్ నంబరు గురించి ఒక మాట. ఆ కాలపు సీకోల్లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు అంకె బదులు ఓ, ఎన్, డి అనే అక్షరాలు వేసేవారు. మొదటి అంకె 6 అయితే, మీ నాన్నగారు 1986లో తెచ్చారు కాబట్టి, అదే ఏడాది తయారైన వాచీ అయ్యే అవకాశమే ఎక్కువ. 7009 అన్నది లోపలి మిషన్ సంఖ్య, దాని పక్కన అచ్చయిన చిన్న అడ్డగీత (-) తర్వాత వచ్చే నాలుగు అంకెలు కేసుకు చెందినవి. మూత మీద గీతలు పడకూడదని పట్టుబట్టడం అందం కోసం మాత్రమే కాదు, వాచీ పుట్టుపూర్వోత్తరాలన్నీ అక్కడే రాసి ఉంటాయి.

ఎస్వీయూ హాస్టల్ కుర్రాడు:

బంతితో కూడా రాకపోతే మూత మీద సూపర్ గ్లూతో ఒక పెద్ద నట్టు అంటించి, స్పానర్‌తో తిప్పి, తర్వాత అసిటోన్‌తో కరిగించవచ్చని ఒక వీడియోలో చూశాను.

గాంధీరోడ్డు గడియారాల బల్ల:

బాబూ, నేను దాన్ని రెండే రెండు సార్లు చేశాను, రెండూ గాట్లు పూర్తిగా అరిగిపోయిన ఒట్టి స్టీలు మూతలు. అసిటోన్ ఒక చుక్క పక్కకు జారితే ప్లాస్టిక్ అద్దం పాలిపోయి పాడవుతుంది, మూత మీద రంగు ముద్ర ఉంటే చెరిగిపోతుంది. గాజు మూత ఉన్న వాచీల మీద అసలే వద్దు. కోటవీధి గారి వాచీ మీద ఆ ఆలోచనే రానివ్వకండి.

తిరుచానూరు వేలంపాట:

బంతి నిలవ గురించి ఎవరూ చెప్పలేదు. గత వేసవిలో నా బంతిని స్కూటరు డిక్కీలో మరిచిపోయాను. రేణిగుంట ఎండకు అది కరిగినట్టై, తర్వాత ఏ మూత మీద పెట్టినా పసుపు రంగు జిడ్డు మరక వదిలేది. స్పిరిట్‌తో తుడిస్తే మరక పోయింది గానీ బంతిని పారేయవలసి వచ్చింది. ఇప్పుడు సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక, మూత ఉన్న స్టీలు డబ్బాలో నీడన పెడుతున్నాను. దుమ్ము పట్టిన బంతి జిగట పోయినట్టు అనిపిస్తుంది. కడిగితే చాలావరకు తిరిగి వస్తుంది.

చంద్రగిరి కోటవీధి:

ఈ రోజు తెరిచాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి రెండుసార్లు బంతి జారింది. మూత తుడిచాను గానీ నా అరచేయి చెమట పట్టి ఉంది, తిప్పుతుంటే చేయే బంతి మీద జారుతోంది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరిన తువాలుతో తుడుచుకుని, వాచీని పది నిమిషాలు కిటికీ దగ్గర ఎండలో వెచ్చబడనిచ్చి మళ్లీ కూర్చున్నాను. ఈసారి కుర్చీలోంచి లేచి నిలబడి, భుజం బరువంతా వేశాను. బంతి చప్పిడిగా పరుచుకుంది. తిప్పుతుంటే ముందు ఏమీ లేదు, తర్వాత చిన్నగా, ఎండిన ఆకు విరిగినట్టు ఒక చప్పుడైంది. విరిగింది ఏమిటోనని గుండె ఆగినంత పనైంది. చూస్తే మూత మీది గీత ఇంతకుముందు ఉన్న చోట లేదు, కొంచెం పక్కకు తిరిగి ఉంది. ఆ తర్వాత రెండు వేళ్లతోనే విప్పేశాను. కొత్త గీత ఒక్కటి కూడా పడలేదు.

గ్యాస్కెట్ మూడు ముక్కలై, ఒక చోట పూర్తిగా చదునై అతుక్కుపోయి ఉంది. కీ పుల్ల దగ్గర ఆవగింజలో సగమంత తుప్పు మరక కనిపిస్తోంది. మిగతా మిషన్ మెరుస్తూనే ఉంది. మూత లోపలి వైపు సూదితో గీసినట్టు చాలా చిన్న అక్షరాల్లో 12-3-91 అని, దాని పక్కన ఒక గుర్తు ఉన్నాయి. అది ఏమిటో నాకు తెలియలేదు. నాన్నగారిని అడిగితే, కువైట్ నుంచి పూర్తిగా తిరిగి వచ్చేసిన తర్వాత తిరుపతిలో ఒక పెద్దాయన దగ్గర ఒకసారి సర్వీసు చేయించానని చెప్పారు. ఇప్పుడు వాచీని ఒక గాజు గిన్నె కింద బోర్లించి పెట్టాను. గ్యాస్కెట్ లేకుండా మూత బిగించవచ్చునా? బంతితోనే బిగించాలా?

గాంధీరోడ్డు గడియారాల బల్ల:

ఆ తేదీ, సర్వీసు చేసిన వారు పెట్టుకునే గుర్తు. వాచీ మళ్లీ వస్తే ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా వెళ్లిందో తెలియడం కోసం అలా గీసేవారు. దాన్ని రుద్ది శుభ్రం చేయవద్దు.

గ్యాస్కెట్ లేకుండా పెట్టుకోవద్దు, గది తేమ కూడా లోపలికి పోతుంది. పాత ముక్కలను పారేయకండి, కొత్తది ఏ మందంలో కావాలో వాటిని కొలిచే తెలుసుకోవాలి. కొత్త గ్యాస్కెట్ రింగుకు సిలికాన్ గ్రీజు వేళ్ల మధ్య మెరిసేంత పలుచగా రాయాలి. కొబ్బరి నూనె రాసేవారు ఉన్నారు, అది మదనపల్లె చలికి గడ్డకడుతుంది, కొన్నాళ్లకు బంక అవుతుంది. రింగు గాడిలో మెలిక పడకుండా కూర్చున్నాక మూతను పైన పెట్టి, ముందు బిగించే వైపు తిప్పకండి. విప్పే వైపు నెమ్మదిగా తిప్పుతూ ఉంటే ఒక చోట మూత టక్కుమని కొంచెం కిందికి దిగుతుంది. మర మొదలయ్యే చోటు అదే. అక్కడి నుంచి కుడికి తిప్పితే మర మీద మర ఎక్కదు. వేళ్లతో వచ్చినంత వరకు వచ్చాక బంతి పెట్టి బిగించండి. బంతి ఇచ్చే బిగువు రోజువారీ వాడకానికి సరిపోతుంది.

పాతవాచీల పలమనేరు:

సరిపోతుంది గానీ నీళ్లకు సరిపోతుందని మాత్రం అనుకోకూడదు. నా మేనల్లుడు ఇంట్లో సెల్లు మార్చి, బంతితోనే మూసిన వాచీతో కపిలతీర్థంలో జలపాతం కింద నిలబడ్డాడు, బయటికి వచ్చేసరికి డయల్ మీద నీటి బొట్టు తిరుగుతోంది. మూత మీద 30 మీటర్లు అని ఉన్నంత మాత్రాన ముప్పై మీటర్ల లోతుకు వెళ్లవచ్చని కాదు. అది కొత్త వాచీ 3 బార్ల ఒత్తిడి పరీక్షకు నిలిచిందని చెప్పే మాట, చేతులు కడుక్కునేటప్పుడు పడే చిందులకు పనికివస్తుంది. పడుతున్న నీటి దెబ్బ వేరు, అందులోనూ ఒకసారి తెరిచి మూసిన వాచీకి ఆ హామీ మిగలదు. ఈత కొట్టేవారు తెరిచిన ప్రతిసారీ ఒత్తిడి పరీక్ష చేయించుకోవాలి.

చంద్రగిరి కోటవీధి:

నాన్నగారికి ఈత లేదు, వాన మాత్రం ఉంటుంది. గ్యాస్కెట్ ముక్కలను ఒక కాగితంలో మడిచి పెట్టాను. గాంధీరోడ్డు గారూ, గురువారం పొద్దున మీ బల్ల దగ్గరికి వాచీతో, నాన్నగారితో కలిసి వస్తాను. కీ పుల్ల దగ్గర తుప్పు మీరే తీయండి. మూత మాత్రం మీ ఎదురుగా కూర్చుని నేనే బిగిస్తాను, ఆ టక్కుమనే చోటు చేతికి ఎలా తెలుస్తుందో పక్కనుండి చూపించండి.

గాంధీరోడ్డు గడియారాల బల్ల:

పది గంటల తర్వాత రండి. 1991లో ఆ గుర్తు ఎవరిదో మీ నాన్నగారికి పేరు గుర్తుందేమో అడిగి రండి. అప్పట్లో ఈ వీధిలో బల్ల వేసినవారు కొద్దిమందే, వారిలో ఇద్దరి దగ్గర నేను పని నేర్చుకున్నాను.